ఎనిమిది పిల్లలు, రెండు తొట్లు

ఆ వయసులో ప్రపంచమంతా నా రిజిస్టరులో పట్టేస్తుందనుకునేవాణ్ణి. పశువైద్య ప్రాజెక్టులో తాత్కాలిక ఉద్యోగం, జేబులో రెండు పెన్నులు. మా దీవుల్లో, ప్రోతరాపూర్‌లో తుష్నాబాద్ బస్సెక్కితే కండక్టరు నన్ను డాక్టరనుకోవాలని ఆశ (అనుకోలేదు, "భయ్యా, పీఛే హటో" అని వెనక్కి నెట్టేవాడు). తల్లిపాలు మాన్పించిన పందిపిల్లల పేగుల్లో రోగాన్ని తట్టుకునే సహజ బలం పెంచే పొడి ఒకటి వచ్చింది. సగం పిల్లలకి పెట్టి, సగానికి మాని, తేడా రాయాలి. తేడా తేల్చి రాస్తే ఉద్యోగం ఇంకో ఏడాది పొడిగిస్తామన్నారు. నేను ఎంచుకున్నది మా అత్త దొడ్డి (చేపల పులుసు ఖాయం కదా).

మామ నడుం పడిపోయి చేపల వేట మానేశాక అత్తకి పందులే ఆధారం. అంతకుముందు ఈతలో పిల్లలన్నీ విరేచనాలతో వరసగా పోయాయి. ఈసారి ఎనిమిది. నాలుగింటి వీపున ఎర్రచుక్క, నాలుగింటికి నీలంచుక్క పెట్టి, రెండు తొట్లు వేరుచేసి, పొడి ఎర్రచుక్కలకే అని చెప్పాను.

"నీలంవి సచ్చిపోతేనో?" అంది అత్త.

"అదీ ఫలితమే అత్తా, రాసుకుంటాను" అన్నాను. తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. అత్త పొడి డబ్బా లోపల పెట్టుకుంది.

నెల తిరిగేసరికి ఎనిమిదీ నున్నగా, గుండ్రంగా తయారయ్యాయి. తేడా లేదు. "అయితే పొడి దండగేనన్నమాట" అన్నారు మా పెద్ద డాక్టరు. నేను అత్త గుమ్మంలో కూలబడి, "పొడి పనిచెయ్యలేదత్తా, నా నౌకరీ పోయినట్టే" అన్నాను. చేప కోస్తున్న అత్త కత్తిపీట పక్కకి జరిపింది.

"పని సెయ్యలేదని ఎవడన్నాడు? ఒక పంక్తిలో కూకున్నోల్లకి ఒకరికెట్టి ఒకరికి మానేత్తామేట్రా? పొడంతా ఒకే గంగాళంలో కలిపి సబ్‌కో బరాబర్ వడ్డించీసినాను. సచ్చిపోతే నువ్వు రాసుకుంటావు. కూడెట్టినదాన్ని, నాకెలాగుంటాదిరా?"

పంక్తిలో వడ్డనకి తేడా చూపకూడదని పెళ్ళిభోజనాల్లో విన్నాను. పందుల తొట్టికీ అదే నియమమని నాకెవరూ చెప్పలేదు.

మర్నాడు డాక్టరుగారికి ఉన్నదున్నట్టు చెప్పేశాను. ఆయన ఆ పేజీని అడ్డంగా కొట్టేసి, "ఎన్ని పోయాయి?" అన్నారు.

"ఒక్కటీ లేదు సార్."

"నీ ఉద్యోగం మీ అత్తకిస్తే నయం" అన్నారు (ఇవ్వలేదు, నన్నే ఇంకో దొడ్డికి పంపారు).

అవి పొడివల్ల బతికాయో, అత్త చేతివల్ల బతికాయో ఈ రోజుకీ తెలీదు. ఇప్పుడు కుర్రవాళ్ళకి నేనే నేర్పుతున్నాను, సగానికి పెట్టాలి, సగానికి మానాలి, లేకపోతే నిజం తేలదని. పరీక్ష ముగిసిన రోజున మాత్రం మానినవాటికీ పొడి పెట్టించందే దొడ్డి దాటనివ్వను. అత్త పోయి నాలుగేళ్ళయింది. ఎందుకు సార్ అని వాళ్ళడిగితే, "మా అత్త ఒప్పుకోదు" అంటాను.