నీలం బకెట్‌లోని చామంతులు

పన్నెండుకి పది నిమిషాలుందనగా పూలకొట్టావిడ తెల్ల బకెట్‌లోకి తొంగిచూసింది. పొద్దున అక్కకిచ్చి రావాల్సిన ఆరు తెల్ల చామంతులూ అందులోనే ఉన్నాయి.

నీలం బకెట్‌లో ఉండేవి మార్కెట్ పూలు, వాడిపోకుండా మందు కలిపిన నీళ్లలో. తెల్లదాంట్లోవి కొట్టు వెనక కుండీల్లో తనే పెంచుకున్నవి, వట్టి నీళ్లలో. పొద్దున తొందరలో ఏ బకెట్‌లో చెయ్యి పెట్టిందో ఇప్పటికి తెలిసింది.

అక్క బట్టలు కుడుతుంది. నల్లకోట్లు కుట్టీ కుట్టీ కళ్లు మండుతాయి. రోజూ పన్నెండింటికి మిషను ఆపి, చామంతి రేకులు మరిగించి చల్లార్చిన నీళ్లలో గుడ్డ తడిపి, రెప్పల మీద వేసుకుని పడుకుంటుంది. అమ్మ చెప్పిన వైద్యం. కొట్టు ఆసుపత్రికి ఎదురుగానే ఉన్నా, తెల్ల చామంతులు మాత్రం రోగుల కోసం చెల్లెలు అమ్మదు. అవి చావుకు పంపే పూలని ఆవిడ పట్టింపు. అందుకే అక్క ఎకసెక్కాలాడేది: "ఇంకా బతికే ఉన్నానే, అప్పుడే పూలు పెట్టేస్తున్నావా?"

చెల్లెలు మూడుసార్లు ఫోన్ చేసింది. మిషను చప్పుడులో అక్కకి వినపడి చావదు. షట్టరు దించబోతుంటే ఒకాయన వచ్చి, వాళ్లమ్మకి ఆపరేషన్ అయిందనీ తెల్లవే కావాలనీ పట్టుబట్టాడు. ఇంకో రోజైతే నిదానంగా నచ్చజెప్పేది. ఇవాళ పసుపువి ఆయన చేతిలో కుక్కి షట్టరు లాగేసింది.

అక్క ఇంటికి ఉన్న రెండు వీధులూ నడిచిందో, పరిగెత్తిందో. వెళ్లేసరికి అక్క కళ్ల మీద గుడ్డ వేసుకుని పడుకునే ఉంది. గుడ్డ లాగి పారేసి, అక్క తల కుళాయి కింద వంచింది.

"మతిపోయిందా ఏంటే నీకు? జాకెట్టంతా తడిపేశావు."

"తర్వాత తిడుదువుగాని. ముందు కళ్లు తెరువు."

ఆ తడి జాకెట్టుతోనే అక్క మొదటిసారి కళ్లడాక్టరు ముందు కూర్చుంది. నీళ్లవల్ల ఏమీ కాలేదన్నాడాయన. చెల్లెలు ఊపిరి పీల్చుకునేలోపే ఇంకో యంత్రం మీద గడ్డం ఆనించమన్నాడు. చూసి, పక్కనుంచి వచ్చేవాళ్లు కనపడుతున్నారా అని అడిగాడు.

అక్క భుజం తడుముకుంది. "రెండేళ్లుగా గుమ్మాలకి భుజం కొట్టుకుంటున్నానండీ. ఇల్లు ఇరుకు కదా అనుకున్నాను."

ఆ సంగతి చెల్లెలికీ ఎప్పుడూ చెప్పలేదు. పువ్వుతో మంట తగ్గుతోంది, ఇక చెప్పేదేముంది?

కంటిలో ఒత్తిడి ఇరవై ఒకటి దాటకూడదట, దాటితే పక్కచూపు మెల్లగా పోతుందట. చీటీ మీద డాక్టరు రాసింది: కుడికన్ను ముప్పై రెండు, ఎడమకన్ను ముప్పై ఆరు.