పుంజుల బొమ్మకు మాటలు చెప్పిన పెదనాన్న

పెదనాన్న పోయాడన్న కబురు నాకు బిలాస్‌పూర్ దగ్గరి కోటాలో తెలిసింది. బడిలో మూడో తరగతి పిల్లల చేత ఎక్కాలు చెప్పించుకుంటున్నాను. ఆఫీసు ఫోనుకు అమ్మ చేసింది. "ఒలే, మీ పెదనాన్న తెల్లారగట్ట పోయేరే. మీ నాన్న డ్యూటీలో ఉన్నారు. లోకోషెడ్డుకి కబురెట్టేను. ఒస్తారో రారో తెల్దు," అంది. పదకొండేళ్ళుగా నాన్న తన అన్న గడప తొక్కలేదు. పెదనాన్నకు పిల్లల్లేరు. తలకొరివి పెట్టవలసింది నాన్నే.

బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో పెరిగిన తెలుగువాళ్ళకు పెదనాన్న గుర్తుండే ఉంటాడు. నది అవతల సర్కండాలో ఉంటూ, అక్కడే టీవీ, వీసీపీ అద్దెకిచ్చే దుకాణంలో పని చేసేవాడు. పెళ్ళికో పుట్టినరోజుకో ఎవరైనా అడిగితే, టీవీకి పాత దుప్పటి చుట్టి, రిక్షాలో పెట్టి, దాన్ని రెండు చేతులా పొదివి పట్టుకుని అర్పా వంతెన దాటి వచ్చేవాడు. క్యాసెట్ ముట్టుకునే ముందు చేతులు కడుక్కునేవాడు. తడి ఆరేదాకా గాలిలో చేతులు ఆడిస్తూ నిలబడితే, పిల్లలమంతా ఆయన వెనక నిలబడి అలాగే ఆడించేవాళ్ళం. తెలిసినా తిరిగి చూసేవాడు కాదు.

ఆ దుకాణంలో అట్ట మీద పేరు లేని క్యాసెట్ ఒకటి ఉండేది. పవర్‌ప్లాంటు కట్టడానికి వచ్చిన విదేశీ ఇంజనీర్ల కుటుంబమేదో వెళ్తూ వెళ్తూ వదిలేసింది. గంటన్నర బొమ్మల సినిమా. అన్నీ కోళ్ళే. ముసలి పెట్ట ఒకటి, దాని ఇద్దరు కొడుకులు పెద్దపుంజు, చిన్నపుంజు, వాళ్ళ పిల్లలు. ఇంటికప్పు మీద కూచుని తెల్లవారుజామున కూసే తండ్రిపుంజు చచ్చిపోతుంది. ఆ చోటు కోసం అన్నదమ్ములు కొట్టుకుంటారు. మధ్యలో ఏడెనిమిది పాటలు, బోలెడు పరుగులు, ఒకరి మీద ఒకరు పిండి పోసుకోవడాలు. అది ఏ దేశపు భాషో మాలో ఎవరికీ తెలియదు.

పెదనాన్న దానికి మాటలు కట్టాడు. టీవీ పక్కన పీట వేసుకుని కూచుని, మాటలొచ్చినప్పుడు గొంతు తగ్గించి తను మాట్లాడేవాడు. పాటొచ్చినప్పుడు పెంచి, ఆ వాద్యాల మీదే తెలుగులో పాడేవాడు. "ఇంటి మీద ఒకటే వాసం, ఇద్దరికేటి సావాసం" అని పెద్దపుంజు పాడితే, తెలుగు సగమే అర్థమయ్యే పిల్లలు కూడా కిందపడి నవ్వేవారు. "ఫిర్ సే, పెదనాన్నా, ఫిర్ సే!" అని మళ్ళీ పాడమని అరిచేవారు. కాలనీలో తెలుగు పిల్లలందరికీ ఆయన పెదనాన్నే.

ఆ పని ఆషామాషీ కాదు. పుంజు ముక్కు ఎన్నిసార్లు తెరుచుకుంటుందో లెక్కపెట్టి, అన్నే తెరుపులకు సరిపోయే మాట వెతికేవాడు. "ముక్కు మూసేక మాట ఎయ్యకూడదే. అది మోసం," అనేవాడు. మాట దొరక్కపోతే రెండు మూడు రోజులు అన్నం దగ్గర కూడా పెదవులు కదుపుతూ కూచునేవాడు. దొరికితే నాకు చెప్పి నోటుబుక్కులో రాయించేవాడు. హిందీ మీడియంలో చదివే నాకు గుణింతాలు అలా వచ్చాయి. ఈ నాలుగు ముక్కలు నేను తెలుగులో రాయగలుగుతున్నానంటే అది ఆయన పెట్టిన భిక్ష.

నాకు ఇంకో ఉద్యోగం కూడా ఉండేది. పెదనాన్నకు ఎరుపు, పచ్చ తేడా తెలిసేది కాదు. కొత్త క్యాసెట్ పెట్టగానే, "ఈడి తోక ఏటి రంగే?" అని నన్ను అడిగేవాడు. నేను చెవిలో చెప్పేదాన్ని. అప్పుడాయన పైకి "ఓ ఎర్రతోకోడా!" అనేవాడు. ఆ కళ్ళ వల్లే ఆయన బతుకు రైల్వే బయట గడిచిపోయింది.

మా తాతయ్య డ్యూటీలో ఉండగా పోయాడు. అలా పోతే ఇంట్లో ఒకరికి రైల్వే నౌకరీ ఇస్తారు. ఒక్కరికే. నౌకరీతో పాటు క్వార్టరు. అది ఎన్ని ఇళ్ళలో అన్నదమ్ముల మధ్య గోడ కట్టిందో మీకు నేను చెప్పనక్కర్లేదు. మా ఇంట్లో మాత్రం గొడవే జరగలేదు. పెద్దవాడికి రంగులు ఆనవు, మెడికల్‌లో తప్పుతాడు, తప్పితే నౌకరీ మొత్తానికే పోతుందని అందరూ అనుకున్నారు. నాన్నమ్మ చిన్నకొడుకు పేరు మీద వేలిముద్ర వేసింది. పెదనాన్న తమ్ముణ్ణి తన సైకిలు మీదే మెడికల్‌కు తీసుకెళ్ళాడట. ప్రతి ఆదివారం మా క్వార్టరుకు వచ్చి, నాన్న పక్కన కూచుని తినేవాడు. చేపల పులుసులో తలకాయ ఎప్పుడూ నాన్న కంచంలోకే తోసేవాడు.

నాకు పదకొండో ఏడు. ఒక మధ్యాహ్నం చాప మీద పడుకుని నిద్ర నటిస్తున్నాను. నాన్న ఫస్టు షిఫ్టు నుంచి వచ్చి గోడకు ఆనుకుని కూచున్నాడు. అమ్మతో అంటున్నాడు. "అన్నియ్యకి ఆపీసులో ప్యూను పనైనా ఇస్తారని గుమాస్తా ఆ రోజే సెప్పేడే. దానికి కళ్ళతో పన్లేదంట. అమ్మకి నానే సెప్పలేదు. నానే." తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చాడు. భుజాలు ఎగిరెగిరి పడ్డాయి. అమ్మ లేచింది. వెళ్ళి తలుపు దగ్గరికి వేసింది.

అది ఎంత పెద్ద మాటో నాకు తెలియలేదు. నాకు తెలిసిందల్లా ఒకటే. వినాయక చవితి పందిట్లో పుంజుల బొమ్మ వెయ్యమని తెలుగు కమిటీ వాళ్ళు అడిగారు. చివర్లో చిన్నపుంజు కప్పు మీద ఒంటరిగా కూచుని, చిన్నగా ఏదో అంటుంది. ఆ చోటికి మాట దొరక్క పెదనాన్న వారం నుంచి పెదవులు కదుపుతున్నాడు. నేను సర్కండాకు పరిగెత్తుకెళ్ళి, నాన్న గొంతు పెట్టి చెప్పాను. "అమ్మకి నానే సెప్పలేదు. నానే." ముక్కు తెరుపులకు సరిగ్గా సరిపోయింది.

"ఎక్కడ విన్నావే?" అన్నాడు.

చెప్పాను. గుమాస్తా సంగతి, ప్యూను పని సంగతి, మొత్తం. పెదనాన్న చేతులు కడుక్కున్నాడు. క్యాసెట్ ముట్టుకునే పనేమీ లేకపోయినా.

"మీ నాన్న అది సెప్పినప్పుడు ఎలాగున్నాడే?" అని అడిగాడు.

మాది హాస్యపు బొమ్మ కదా. చిన్నపుంజు ఏడిస్తే ఎవరు నవ్వుతారు? నేను ఠక్కున, "నవ్వేడు పెదనాన్నా," అన్నాను.

"అచ్ఛా," అన్నాడు. "రాసుకో మరి."

నేను నోటుబుక్కులో రాసుకున్నాను.

చవితి రోజు సాయంత్రం పందిరి కిటకిటలాడింది. ముందు వరసలో నాన్నమ్మ, పక్కన అమ్మా నాన్నా. జనం పొట్టలు పట్టుకుని నవ్వుతున్నారు. నాన్న అందరికంటే పెద్దగా నవ్వుతున్నాడు. చివరి చోటు వచ్చింది. పెదనాన్న టీవీ వైపు చూడలేదు. తమ్ముడి వైపు చూస్తూ, చిన్నపుంజు గొంతుతో అన్నాడు. "గుమాస్తా సెప్పేడు. అమ్మకి నానే సెప్పలేదు. నానే." తరవాత ఒక నవ్వు కలిపాడు. ఆ నవ్వు నేనిచ్చిందే.

పిల్లలు నవ్వారు. పెద్దవాళ్ళలో కొందరు నవ్వబోయి ఆగారు. నాన్నమ్మ మెల్లగా కొడుకు వైపు తిరిగి, "ఏట్రా అది? నిజవేనా?" అంది. నాన్న లేచి నిలబడ్డాడు, కానీ అడుగు పడలేదు. పెదనాన్న ఆ తరవాత నోరు తెరవలేదు. మిగిలిన పదినిమిషాలూ కోళ్ళు ముక్కులు తెరుస్తూ మూస్తూ, మాట లేకుండా తిరిగాయి.

పందిరి బయట నాన్న అడిగింది ఒక్కటే. "నీకెవులు సెప్పేరు?"

నేను పెదనాన్న వెనకే ఉన్నాను. ఆయన చెయ్యి వెనక్కి వచ్చి నా భుజం మీద ఆనింది. "గుమాస్తాయే సెప్పేడు. ఊరెళ్ళిపోయే ముందు," అన్నాడు. ఆ గుమాస్తా గారు రిటైరై శ్రీకాకుళం వెళ్ళిపోయి ఏడాది దాటింది. ఆ నిర్దోషిని నాన్న తరవాత ఎన్ని తిట్లు తిట్టాడో! ప్రతి తిట్టూ నాకే తగిలేది. నేను మాత్రం నోరు మెదపలేదు.

పెదనాన్న చేసింది తప్పే. నాలుగు గోడల మధ్య అడగవలసిన మాట నలుగురి మధ్య అన్నాడు. ఇది స్మృతి వ్యాసం కదా అని దాన్ని కప్పిపుచ్చను. తమ్ముడు ఏడ్చాడని తెలిస్తే అలా అనేవాడు కాదని మాత్రం నా నమ్మకం. అనేవాడేమో కూడా. నాకు తెలియదు, ఇక తెలిసే దారీ లేదు.

మర్నాడే నాన్నమ్మ తన పెట్టె తీసుకుని సర్కండా వెళ్ళిపోయింది. మళ్ళీ క్వార్టరుకు రాలేదు. ఆమె పోయినప్పుడు నాన్న గడప బయటే నిలబడ్డాడు; అన్నదమ్ములిద్దరూ పాడెకు ముందు కొమ్ములు పట్టుకుని నదిదాకా నడిచారు, ఒక్క మాట లేకుండా. పెదనాన్న ఆ పుంజుల బొమ్మ మళ్ళీ వెయ్యలేదు. ఎవరైనా అడిగితే, "టేపు సాగిపోయిందమ్మా," అనేవాడు.

ట్యూషన్ అని చెప్పి శనివారాలు నేను సైకిలు మీద ఆయన దగ్గరికి వెళ్ళేదాన్ని. అమ్మకు తెలుసు. తెలుగు వాచకం ముందు పెట్టి చదివించేవాడు. ఒత్తు తప్పితే, "దాన్ని కూడా పలకవే, పాపం అదీ వొచ్చింది కదా," అనేవాడు. నాన్న ఎలా ఉన్నాడని ఒక్కసారీ అడగలేదు. కానీ వానాకాలంలో నేను బయల్దేరేటప్పుడు, "మీ నాన్నకి జలుబు తొందరగా పట్టుకుంటది," అని గాలితో అన్నట్టు అనేవాడు.

నేను మెట్రిక్ పాసైన ఏడాది ఒకసారి ధైర్యం చేశాను. "పెదనాన్నా, ఆ రోజు నాన్న నవ్వాడని చెప్పాను కదా, నిజానికి..." అనేలోపు ఆయన వాచకం మూసేశాడు. "అయిపోయిన బొమ్మకి మాటలెందుకే, ఒగ్గీ," అన్నాడు. నేను వదిలేశాను. సిగ్గులేకుండా చెప్పాలంటే, ఆపినందుకు సంతోషించాను. మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. కోటాలో ఉద్యోగం వచ్చింది. రాకపోకలు తగ్గాయి.

ఆ రోజు నేను రైలు దిగి సర్కండా చేరేసరికి నాన్న వచ్చి ఉన్నాడు. షెడ్డు నుంచి తిన్నగా, నూనె మరకల బట్టలతోనే. లోపలికి రాకుండా గుమ్మం బయట నిలబడ్డాడు. పెద్దమ్మ ఏడుపు ఆపి ఆయన్ని చూసింది. "రా మరిదీ. నువ్వు రావాలనే ఎత్తకుండా ఉంచేము," అంది. అప్పుడు గడప దాటాడు. అన్న పాదాల దగ్గర కూచుని, వాటి మీద కప్పిన దుప్పటి సరిచేస్తూ ఉండిపోయాడు. సరిగ్గానే ఉన్న దుప్పటిని, మళ్ళీ మళ్ళీ.

ఎండాకాలం. అర్పాలో నీళ్ళు సన్నటి పాయ. మా వైపు ఆడవాళ్ళు కాటికి వెళ్ళరు కాబట్టి నేను వంతెన దగ్గర రిక్షా ఆపించుకుని నిలబడ్డాను. కొరివి పెట్టినవాడు వెనక్కి తిరిగి చూడకుండా ఇంటికి రావాలంటారు. నాన్న అలాగే వచ్చాడు, తడి పంచెతో, తల వంచుకుని. మిగిలినవాళ్ళు ముందు నడిచిపోయారు. రిక్షా ఎక్కబోతున్న నాన్నను నేను ఆపాను.

"నాన్నా, గుమాస్తా గారు చెప్పలేదు. ఆ రోజు నేను నిద్రపోలేదు. పెదనాన్నకు నేనే చెప్పాను," అన్నాను.

నాన్న నన్ను తిడతాడనుకున్నాను. కొడితే బాగుండుననుకున్నాను. రిక్షా మీద వేసిన చెయ్యి తీసేశాడు.

"అప్పుడు నానేడుత్తున్నాను కదే," అన్నాడు. "అది సెప్పేవా?"

"లేదు నాన్నా. నవ్వేవని చెప్పాను."

ఆయన మొహం నేను చూడలేకపోయాను. తల ఎత్తేసరికి నాన్న గట్టు దిగుతున్నాడు. రిక్షావాలా కంగారుపడి, "బాబూజీ, వాపస్ నహీ జాతే!" అంటూ, వెనక్కి వెళ్ళకూడదని కేక వేశాడు. నాన్న ఆగలేదు. ఇసకలో చెప్పుల్లేని కాళ్ళతో, తడబడుతూ, మంట దగ్గరికి వెళ్ళాడు. కాటికాపరి వచ్చి అడ్డంపడితే చేత్తో పక్కకు జరిపాడు. తలవైపు గొంతుక్కూచున్నాడు. వంతెన మీదికి ఏమీ వినపడలేదు. ఆయన పెదవులు కదలడం మాత్రం కనపడింది. ఆగుతున్నాడు, మళ్ళీ చెబుతున్నాడు. పొద్దు వాలి, మంట అణిగి, కాటికాపరి కర్రతో బొగ్గులు దగ్గరకు తోస్తున్నా, నాన్న ఇంకా చెబుతూనే ఉన్నాడు.