పొట్టోడి చేతి కట్టు

పొడుగోడికి కుస్తీ రాదు. ఈ సంగతి నాకు ఇరవై మూడేళ్ల వయసులో, తిరుపతిలో మా అన్న అద్దె ఇంట్లో, ఒక ఆదివారం మధ్యాహ్నం అన్నం తిన్నాక తెలిసింది. అంతకుముందు పన్నెండేళ్లు వాడు దేవుడనే నమ్మాను.

పొడుగోడు, పొట్టోడు అన్నవి మేం పెట్టిన పేర్లు. అసలు పేర్లు మాకు నోరు తిరగలేదు. తొంభైలలో మా ఇంటికి కేబుల్ వచ్చిన కొత్తలో అమెరికా కుస్తీలు వేసేవాళ్లు. అందులో జోడీ కుస్తీ ఒకటి ఉండేది. ఇద్దరు ఒక పక్క, ఇద్దరు ఒక పక్క. ఒకడు లోపల కొట్లాడుతుంటే రెండోవాడు తాళ్ల బయట నిలబడి ఉండాలి. లోపలివాడు వచ్చి చెయ్యి తాకిస్తేనే బయటివాడు లోపలికి రావాలి. పొట్టోడు ఎప్పుడూ ముందు లోపలికి పోయి పది నిమిషాలు తన్నులు తినేవాడు. పాకుతూ వచ్చి పొడుగోడి చెయ్యి తాకేవాడు. పొడుగోడు సింహంలా దూకి ఇద్దరినీ రెండు నిమిషాల్లో మట్టి కరిపించేవాడు. జనం పూనకం వచ్చినట్టు అరిచేవాళ్లు. మేమూ అరిచేవాళ్లం.

నాకప్పుడు పదకొండేళ్లు, మా అన్నకు పద్నాలుగు. మాది కార్వేటినగరానికి దగ్గరలోని పల్లె. నాయన చెరుకు వేసేవాడు, మాకు బెల్లం గానుగ ఉండేది. గానుగ పక్కన ఎండబెట్టిన చెరుకు పిప్పి కుప్పే మా కుస్తీ బరి. నాలుగు మూలలా నాలుగు కట్టెలు పాతి ఎద్దుల పలుపులు కట్టాం. అన్న పొడుగోడు, నేను పొట్టోడు. అదెవరు నిర్ణయించారని నేను ఒక్కరోజు కూడా అడగలేదు. వీధి పిల్లలందరి చేతా తన్నులు తినడం నా వంతు, చివర్లో వచ్చి గెలవడం వాడి వంతు. దీన్ని నేను గౌరవంగా భావించాను. ఎంత తెలివితక్కువ దద్దమ్మనో చూడండి.

ఒకనాడు గానుగ కొట్టం గోడ మీంచి కుప్ప మీదికి దూకమన్నాడు అన్న. దూకాను. పిప్పి కింద రాయి ఉంది. కుడి మోచేతి దగ్గర ఎముక విరిగింది.

నాయన నన్ను బస్సులో ఒడిలో కూర్చోబెట్టుకుని పుత్తూరికి తీసుకుపోయాడు. మా పక్క ఎముక విరిగితే ఎవరైనా ముందు పుత్తూరికే పోతారు. అక్కడ కట్టు కట్టే పెద్దాయన నా చెయ్యి తడిమి, ఒక్క గుంజు గుంజి సరిచేశాడు. ఆకు పసరు, గుడ్డు తెల్లసొన పూసి, గుడ్డ చుట్టి, వెదురు బద్దలు పెట్టి బిగించాడు.

"ఎనిమిదో దినం మళ్లా తీసకరా అబ్బా. అంతవరకు ఇప్పగూడదు, తడపగూడదు. కదిలిందంటే వంకరగా అతుక్కుంటాది," అన్నాడు నాయనతో.

నాయన ఆ మాట దారి పొడుగునా నాకు అప్పజెప్పుతూనే వచ్చాడు.

నా దరిద్రం కొద్దీ ఆ వారమే టీవీలో పొట్టోడు చేతికి కట్టుతో వచ్చాడు. కుడి చెయ్యి, మోచేతి దాకా తెల్లటి కట్టు, అచ్చం నాకున్నట్టే. ఎదుటి జోడీ వాళ్లు ఆ చేతినే తొక్కారు, తాళ్లకు వేసి నలిపారు. అప్పుడు పొట్టోడు లేచి, పళ్లతో పట్టి కట్టు లాగి పారేసి, ఆ చేత్తోనే ఎదుటివాడి దవడ పగలగొట్టాడు. ఇంట్లో నేనూ అన్నా మంచం మీద ఎగిరాం. ఆ పోటీ నా జీవితంలో చూసిన అన్నిటికన్నా గొప్ప దృశ్యమని చాలాకాలం అనుకున్నాను.

మరునాడు గానుగ దగ్గర వీధి పిల్లల్ని పోగేశాడు అన్న. నాకు కట్టు కట్టి అయిదు రోజులు. బరిలో నన్ను మోకాళ్ల మీద కూర్చోబెట్టారు. పళ్లతో లాగితే పుత్తూరు కట్టు రాదు, గుడ్డుసొనకు రాయిలా గట్టిపడుతుంది. అన్న చెరుకు కొట్టే కొడవలి తెచ్చాడు. అబద్ధం ఆడను, చెయ్యి చాపింది నేనే. కోసింది వాడు. బద్దలు ఊడిపడగానే నా చెయ్యి పట్టి పైకెత్తి "గెలిసినామబ్బా!" అని అరిచాడు. లోపల ఏదో జారింది. ఆ తర్వాత నాకు కనిపించింది అన్న ముఖమే, తెల్లగా పాలిపోయి, నా మీదికి వంగి.

"మేయ్, నాయన సంపేస్తాడు నన్ను. నువ్వే ఇప్పుకున్న్యానని సెప్పుమే. నువ్వు నా జోడీవి కదా," అన్నాడు.

నేనే విప్పుకున్నానని చెప్పాను. దురద పెడితే కొడవలితో కోసుకున్నానని చెప్పాను. నాయన నమ్మాడు. ఆయన నన్ను ఒక్క దెబ్బ వేయలేదు. "మాట ఇననిదానికి పుత్తూరూ లేదు, ఏమీ లేదు. పడుండనీ," అని తోటలోకి వెళ్లిపోయాడు. అమ్మ పాత చీర చింపి చెయ్యి చుట్టింది. ఎనిమిదో రోజు పోయింది, పదో రోజు పోయింది. నేను ఏడ్చినా ఆయన పలకలేదు. మూడు వారాలు దాటాక వాపు తగ్గకపోతే తీసుకుపోయాడు. పుత్తూరు పెద్దాయన తడిమి చూసి నాయన మీద మండిపడ్డాడు. "ఇన్నాళ్లు యాడికి పోయినావప్పా? అతుక్కుపోయినాది. ఇంక ఇంతే ఈ సెయ్యి."

నా కుడి చెయ్యి ఇప్పటికీ పూర్తిగా చాపలేను. ఇరవై ఏళ్లప్పుడు పోలీసు కానిస్టేబుల్ ఎంపికకు చిత్తూరు పోయాను. పరుగులో మొదటి నలుగురిలో ఉన్నాను. చేతులు ముందుకు చాపమన్నప్పుడు ఒక చెయ్యి చాపాను, ఇంకొకటి మధ్యలో ఆగింది. పక్కకు నిలబడమన్నారు. ఇంటికొచ్చి ఏడుస్తుంటే అమ్మ, "నీ సేతులారా సేసుకుంటివి, ఎవరిననేది?" అంది. అది అమ్మకు మంత్రం. చిన్నప్పట్నుంచీ, జడ వేసుకోవడం రాకపోయినా, బిందె ఎత్తలేకపోయినా, అదే మాట.

ఇప్పుడు నగరిలో ఒక ప్రైవేటు బడిలో ఆటల టీచర్ని. చేరిన కొత్తలో ఒకటో తరగతికి డ్రిల్లు నేర్పుతూ రెండు చేతులూ పైకెత్తి చూపించాను. నలభైమంది పిల్లలు కుడి చెయ్యి వంకరగా ఎత్తారు. వాళ్లు వెక్కిరించలేదు, టీచరు చూపినట్టే చేశారు. నేను నీళ్ల ట్యాంకు వెనక్కి పోయి నిలబడ్డాను. ఆ రోజు నేను తిట్టుకున్నది అన్నను కాదు, నాయనను. చిన్నపిల్ల తప్పు చేస్తే చెయ్యి కుళ్లనిచ్చే తండ్రి ఎక్కడైనా ఉంటాడా? అప్పటికే ఆయన పోయి ఏడాదైంది. చచ్చినవాళ్లను తిట్టకూడదంటారు. నాకు అలాంటి పట్టింపులు లేవు.

ఇక ఆ ఆదివారం. నాయన పోయాక అమ్మ అన్న దగ్గరే ఉంటోంది. వాడికి తిరుపతి బస్టాండు దగ్గర సెల్‌ఫోన్ల కొట్టు. ఎక్కడో పాత కుస్తీల సీడీలు దొరికాయని, రమ్మని నాకు ఫోన్ చేశాడు. "మన పొడుగోడు, పొట్టోడుమే! కట్టు ఇప్పేసే పోటీ గూడా ఉండాది!" అన్నాడు. పీడకలను పెట్టెలో పెట్టి బహుమతిగా ఇచ్చినట్టుంది. అయినా వెళ్లాను. చూడాలని ఉంది మరి. అభిమానం అంత సులువుగా చావదు.

మొదటి పావుగంటలోనే చచ్చింది. పొడుగోడికి వచ్చినవి మూడు పట్లు. పిడిగుద్దు, మెడ పట్టి విసరడం, చేతులెత్తి జనానికి చూపించడం. మూడోదే ఎక్కువసేపు చేశాడు. పొట్టోడు అవతల ఊపిరాడక కాళ్లు కొట్టుకుంటుంటే వీడు తాళ్ల బయట నిలబడి జుట్టు సవరించుకుంటున్నాడు! చిన్నప్పుడు అది నా కళ్లకెందుకు కనపడలేదో తెలీదు. పొట్టోడు మాత్రం పనిమంతుడు. ఎదుటివాడు తోసినంత దూరం కన్నా రెండడుగులు ఎక్కువ ఎగిరి పడి, ఎదుటివాడి బలాన్ని కూడా తానే తయారుచేస్తున్నాడు. కుస్తీ మొత్తం వాడి ఒంటి మీద నడిచింది. చివర్లో బెల్టు పట్టుకుని ముందు నిలబడింది పొడుగోడు. పొట్టోడు వెనకాల పక్కటెముకలు పట్టుకుని నవ్వుతున్నాడు. ఆ నవ్వు చూసి నాకు ఒళ్లు మండిపోయింది. సిగ్గులేదట్రా నీకు అని తెర మీద కొట్టాలనిపించింది.

"పొడుగోనికి ఏమీ రాదు. పనంతా పొట్టోడే సేస్తాండాడు," అన్నాను.

"నువ్వు కోడిగుడ్డుకు ఈకలు పీకేదానివి. సిన్నప్పుడు సూసినట్ల సూడుమే రవంతసేపు," అన్నాడు అన్న.

తర్వాత కట్టు పోటీ వచ్చింది. పొట్టోడు కట్టు లాగి పారేశాడు, దవడ పగిలింది, జనం లేచారు. నా గుండె కూడా లేచింది, నిజం చెప్పాలి. వెంటనే అన్న రెండో సీడీ పెట్టాడు. ఆ తర్వాతి వారం పోటీ అట. పొట్టోడు మళ్లీ కట్టుతో వచ్చాడు. ఈసారి కట్టు ఎడమ చేతికి ఉంది. కుడి చేతికి గాయం లేదు, మచ్చ లేదు. శుభ్రంగా తాళ్లు పట్టుకుని ఊగుతున్నాడు.

అన్న పొట్ట పట్టుకుని నవ్వాడు. "సూసినావా దొంగనాకొడుకును! యే సేతికి కట్టుకున్న్యాడో వానికే గెవనం లేదు. అంతా ఉత్తుత్తదేమే. వానికి సెయ్యి యాడ ఇరిగింది? సుబ్బరంగా ఉండాడు."

"వానికి ఇరగలేదు. నాకు ఇరిగింది," అన్నాను.

నవ్వు ఆపకుండానే, తెర మీంచి కళ్లు తిప్పకుండానే, "నీదంటావా, నీ సేతులారా సేసుకుంటివి," అన్నాడు.

ఆ మాట అమ్మ అంటే భరించాను. తెలియక అంటోందిలే అనుకున్నాను. కొడవలి పట్టినవాడు అంటే ఎలా భరించేది? వాడు ఎగతాళికి కూడా అనలేదు, నిజంగానే మర్చిపోయాడనుకున్నాను. నేను మోసిన అబద్ధాన్ని వాడు ఇన్నేళ్లకు నిజం చేసేసుకున్నాడు. టీవీ స్విచ్చు పీకేశాను.

"అమ్మను పిలుస్తాండా. ఇప్పుడు నువ్వే సెప్పల్ల. కట్టు కోసింది నువ్వని అమ్మకు నీ నోటితోనే సెప్పల్ల. సెప్పకపోతే ఈ గడప తొక్కను."

వాడు గుటకలు మింగుతాడనుకున్నాను. వాడు నన్ను వింతగా చూశాడు.

"అమ్మకు ఆ పొద్దే సెప్పినా కదా," అన్నాడు. "ఏడుస్తా పోయి అంతా సెప్పినా. నీకు తెలీదా?"

అమ్మ వంటింటి గుమ్మంలోనే కూర్చుని ఉంది. నానబెట్టిన అనపగింజలు పితుకుతోంది, పితికిపప్పు చేయడానికి. అంతా వింది. వేళ్ల మధ్య గింజ జారుతూనే ఉంది, తొక్క ఒకవైపు, పప్పు ఒకవైపు.

"నీకు తెలుసా అమ్మా?" అన్నాను.

"తెలుసు."

"తెలిసే నన్ను ఇన్నేళ్లు ఆ మాటంటివా?"

"ఏం సేసేదిమ్మే? కొడవలి పట్టుకున్న్యాడని తెలిస్తే మీ నాయన వాన్ని బతకనిచ్చుండునా? నువ్వు ఆడబిడ్డవు, నిన్ను కొట్టడు. నాలుగు దినాలు అరిసి గమ్మునుంటాడనుకుంటి. తరవాత ఆ మాటే అలవాటైపాయ."

"కొట్టలేదు. పుత్తూరికి తీసకపోలేదు."

"అంతపని సేస్తాడని నేననుకోలే," అంది అమ్మ. కళ్లు ఎత్తలేదు.

అన్న ఏదో అనబోయాడు. నోరు మూసుకోమన్నాను. వాడి మీద నాకు కోపం కూడా లేదిప్పుడు, అసహ్యం ఉంది, అది ఉండనీ. నాకు కావలసింది ఒక్కటే.

"నాయనకు నిజం తెలిసుంటే?" అన్నాను.

అమ్మ ఇప్పుడు చెయ్యి ఆపింది. దాయాలనుకుంటే దాచవచ్చు, అబద్ధం చెప్పవచ్చు. ఇన్నేళ్లు చెప్పింది కదా. ఆ ఒక్కసారికి నిజమే చెప్పింది.

"తెలిసుంటే వాన్ని నాలుగు తన్ని, నిన్ను ఆ పొద్దే భుజాన ఎత్తుకోని పుత్తూరికి పరిగెత్తుండును. బస్సు కోసం గూడా సూసుండడు. నీ మీద పానం ఆయనకు."

నాయన పోయేముందు తిరుపతి ఆసుపత్రిలో పదకొండు రోజులు ఉన్నాడు. నేను ఒకే ఒక్కరోజు వెళ్లాను. నన్ను చూడగానే ఆయన నా కుడి చెయ్యి అందుకుని, మోచేతి దగ్గర తడిమి, "ఇంకా నొస్తాదా పాపా?" అని అడిగాడు. నేను చెయ్యి లాగేసుకున్నాను. "నొచ్చితే ఏం? నేనే సేసుకున్న్యా కదా," అన్నాను. మంచం పక్కన స్టూలు ఖాళీగానే ఉంది. కూర్చోకుండా వచ్చేశాను.