గురక కాదు

మా వదినకి కోపం వస్తే గిన్నెలు మోగవు, నోరు లేవదు. చేస్తున్న పని ఆపి ఎదుటివాళ్ళ మొహంలోకి చూస్తుంది, అంతే. ఆ చూపుకి మా అన్నయ్య హడలిపోతాడు. నాకు మాత్రం లెక్కలేదు. నాది వాగుడు నోరు, పైగా ఆవిడకి ఆ ఉద్యోగం ఇప్పించింది నేను. ఈ రెండూ కలిసే కొంప ముంచాయి.

అంతకుముందు వదిన పదకొండేళ్ళు ఆస్పత్రిలో ఆయాగా చేసింది. కదలలేని వాళ్ళని ఒత్తిగిలించడం, ఒళ్ళు తుడవడం, నోట్లో చెంచాతో గంజి పోయడం ఆవిడ పని. బరువులెత్తి ఎత్తి నడుం పట్టేసింది. ఇంక మానెయ్యక తప్పలేదు. నేనప్పటికే విమానాశ్రయంలో ఒక లాంజ్ గుమ్మం దగ్గర కూర్చుని కార్డులు చూసే పనిలో ఉన్నాను. ఖరీదైన క్రెడిట్ కార్డు ఉన్నవాళ్ళు విమానం ఎక్కేలోపు తిని, తాగి, నడుం వాల్చే చోటు అది. కాలు పెడితే చప్పుడు కాని తివాచీ, మెత్తటి వాలుకుర్చీలు. విమానాల పిలుపులు కూడా లోపలికి వినపడవు. మా సూపర్‌వైజర్‌ని కాళ్ళావేళ్ళా పడి బతిమాలి, హామీ సంతకం నేనే పెట్టి, వదినని అక్కడ చేర్పించాను. కప్పులు తియ్యడం, బల్లలు తుడవడం, నిద్రపోయిన వాళ్ళకి దుప్పటి కప్పడం. "ఇదీ ఒక పనేనా!" అని మొదటి రోజు నవ్వింది.

అక్కడ అన్నిటికంటే పెద్ద కట్టుబాటు ఒకటుంది. వచ్చినవాళ్ళని తాకకూడదు, నిద్ర లేపకూడదు. మా సూపర్‌వైజర్ ఎప్పుడు చూసినా పెదాల మీద వేలు పెట్టుకునే తిరుగుతాడు. మేమంతా చాటుగా 'ష్ సారు' అనేవాళ్ళం. వదిన చేరిన నెలలోనే ఒకాయన విమానం వేళ దాటిపోతోందని కంగారుపడి భుజం తట్టింది. అత్తారింటికి వెళ్ళడం ఇష్టంలేక ఆయన కావాలనే నిద్ర నటిస్తున్నాడట! లేపాక ఎక్కక తప్పలేదు. పోతూ పోతూ ఫిర్యాదు రాసి పడేశాడు. వదినకి మెమో వచ్చింది. ఇంకోసారి ఇలా జరిగితే ఆవిడా, హామీ పెట్టిన నేనూ ఇద్దరం ఇంటికే అని ష్ సారు గుసగుసగానే చెప్పాడు.

ఆ తర్వాత ఒక రోజు మధ్యాహ్నం ఒంటిగంటకి భార్యాభర్తలిద్దరు వచ్చారు. యాభై అయిదు దాటి ఉంటాయి ఆయనకి. కార్డు మీద ఒక్కరికే ప్రవేశం అని చెప్పాను.

"మీరెళ్ళండి. పొద్దుట్నుంచీ తలనొప్పి అంటున్నారుగా, కాసేపు పడుకోండి. నేనిక్కడ సామాన్ల దగ్గర కూర్చుంటా," అందావిడ.

ఆయన వద్దన్నాడు. ఆవిడే బలవంతాన పంపింది. సంతకం పెడుతుంటే ఆయన చేతిలోంచి పెన్ను రెండుసార్లు జారింది. పెన్ను బాగోలేదు కాబోలనుకుని ఇంకోటి ఇచ్చాను.

సగం టీ తాగి మూల కుర్చీలో వాలాడట. వదినే దుప్పటి కప్పింది. అరగంటకి గురక మొదలైంది. మామూలు గురకా? గుమ్మం దగ్గర నాకే వినిపించింది. లాప్‌టాప్ పెట్టుకున్న ఒకావిడ విసుక్కుంటే, ష్ సారు మడత తెర తెప్పించి ఆ కుర్చీ చుట్టూ పెట్టించాడు. పైన దీపం ఆర్పించాడు. ఎంత మర్యాద! ఒక మనిషిని అందరూ కలిసి శ్రద్ధగా కనపడకుండా చేశాం.

వదిన చేతిలో ట్రేతోనే నా దగ్గరికొచ్చింది.

"అమ్మాయ్, ఆయనది గురక కాదు."

"మరేంటి, సంగీతమా?"

"ఊపిరి వదిలినప్పుడల్లా ఒక బుగ్గే ఉబ్బుతోంది. రెండోది మామూలుగా ఉంది. ఆస్పత్రిలో ఇలాంటి వాళ్ళని చూశాను. లేపి చూడనా?"

నాకు ఒళ్ళు మండింది. కార్డులు పట్టుకుని నలుగురు నిలబడి ఉన్నారు. "నీకు పుణ్యముంటుంది వదినా, ఊరుకో! నీకెక్కడ చూసినా ఆస్పత్రే. ఇంకో మెమో వచ్చిందంటే ఇద్దరం రోడ్డున పడతాం. నోరు మూసుకుని కప్పులు తియ్యి," అన్నాను.

వదిన నా మొహంలోకి చూసింది. నేను కార్డు మెషీన్ వైపు తిరిగాను.

ష్ సారునీ అడిగిందట. వేలు పెదాల మీద పెట్టుకుని, "ఆయన విమానం నాలుగున్నరకి. మూడున్నరకి నేనే పిలుస్తాను, నువ్వు వెళ్ళు," అన్నాడట.

రెండుంపావుకి ఆయన భార్య గుమ్మం దగ్గరికొచ్చింది. "ఫోన్ తియ్యట్లేదమ్మా. ఒక్క నిమిషం చూసి వచ్చేస్తా."

"లోపలికి పంపడానికి లేదండీ. హాయిగా నిద్రపోతున్నారు. ఆ గురక మీకు వినపడట్లేదూ?" అని నవ్వాను.

ఆవిడా నవ్వబోయి ఆగింది. చెవి అటు పెట్టి వింది.

"మా వారికి గురక అలవాటు లేదే," అంది. తర్వాత తనకి తనే సర్దిచెప్పుకుంటున్నట్టు, "బాగా అలిసిపోయుంటార్లే. పడుకోనీ," అని వెళ్ళిపోయింది.

అబద్ధమెందుకు చెప్పాలి, ఆ క్షణంలోనే నాకు అర్థమైంది. లేచి పది అడుగులు వేస్తే ఆ తెర. లేవలేదు. ఎదురుగా ఉన్నాయన కార్డు చాచాడు, తీసుకున్నాను. ఆయన వెనక ఇంకొకరు. ఆ తర్వాత ఇంకొకరు. గురక మధ్య ఎడం పెరుగుతోంది. చేతులు కార్డులు చూస్తున్నాయి గానీ చెవులు దాని మీదే ఉన్నాయి. ఇంకోటి వస్తుందా, రాదా అని ఎదురుచూడటం, వచ్చాక హమ్మయ్య అనుకోవడం.

ఒకసారి రాలేదు.

లోపల లాప్‌టాప్ ఆవిడ, "అమ్మయ్య, థాంక్స్ అండీ," అని ష్ సారుతో అనడం వినిపించింది. ఆ వెంటనే ట్రే కింద పడిన చప్పుడు. "డాక్టర్ని పిలవండి!" అని వదిన కేక. ఆ గదిలో అంత పెద్ద గొంతు అదే మొదటిసారి. నేను వెళ్ళేసరికి తెర నేల మీద ఉంది. వదిన పట్టేసిన నడుంతోనే ఆయన్ని కుర్చీలోంచి కిందికి దించి, నోరు తుడిచి, రెండు చేతులతో గుండె మీద నొక్కుతోంది. ష్ సారు వేలు ఇంకా పెదాల మీదే ఉంది, తియ్యడం మర్చిపోయాడు. నేను పరిగెత్తి ఆయన భార్యని తీసుకొచ్చాను. కార్డు ఎవరూ అడగలేదు.

స్ట్రెచర్ కదులుతుంటే ఆవిడ నా చెయ్యి పట్టుకుంది. "హాయిగా నిద్రపోతున్నారన్నావుగా, నేనూ అక్కడ కాసేపు కళ్ళు మూసుకున్నానమ్మా," అంది. తిట్టలేదు. తిడితే బాగుండేది. మెదడులో నరం చిట్లి ఆయన సాయంత్రానికి పోయారు. గంట ముందు తెచ్చి ఉంటే ఏమైనా చేసేవాళ్ళమని డాక్టరు అన్నాడట.

మెమో ఎవరికీ రాలేదు. వదిన సమయస్ఫూర్తిని మెచ్చుకుంటూ కంపెనీ ఉత్తరం ఇచ్చింది. దాన్ని బల్ల మీదే వదిలేసి, యూనిఫాం మడతపెట్టి ఇచ్చేసి, మర్నాడే పాత ఆస్పత్రికి వెళ్ళి చేరింది. నడుంకి పట్టీ కట్టుకుని ఇప్పటికీ అక్కడే చేస్తోంది.

నన్ను ఏమైనా అంటుందని నెలల తరబడి ఎదురుచూశాను. అన్నం వడ్డించేది, నా పిల్లకి జడ వేసేది, ఆ మాటే ఎత్తేది కాదు. ఆఖరికి ఒక ఆదివారం తట్టుకోలేక నేనే ఏడ్చేశాను. "తిట్టు వదినా! ఆయన్ని చంపింది నేనే కదా, నోరారా తిట్టు!"

వదిన గిన్నె తోముతున్నదల్లా ఆపింది. ఈసారి నా మొహంలోకి చూడలేదు.

"నిన్నెందుకు తిడతాను? నీకేం తెలుసు పాపం. నాకు తెలుసు. తెలిసీ నిన్ను అడిగాను," అంది.