గీకడానికి చెయ్యి రాలేదు

కార్లకు రంగు వేసే షెడ్డులో ముప్పయ్యేళ్ళు గడిపినవాడికి నిశ్శబ్దం ఒక పట్టాన అలవాటు కాదు. కంప్రెసర్ మోత, దాన్ని మించి రేడియో, ఆ రెండింటినీ మించి బావ అరుపులు. ఇప్పుడు గదిలో గోడగడియారం చప్పుడొక్కటే. అదీ మొన్న ఆగిపోతే, దానికి సెల్లు కొనే వంకన కొట్టువాడితో రెండు మాటలాడొచ్చని వీధి చివరిదాకా నడిచాడు. కొట్టువాడు ఫోనులోంచి తలెత్తలేదు.

వీధిలో ఆయన్ను రంగయ్య అంటారు. అసలు పేరు అది కాదు. గోళ్ళ సందుల్లో రంగు అంటుకున్నట్టే ఆ పేరూ అంటుకుంది, రెండూ వదల్లేదు. పెళ్ళీ పెటాకులూ లేని మనిషి. ఉన్న ఒక్క చుట్టమూ చుట్టం కాదు, షెడ్డులో జోడీ పనివాడు. ఇంటిపేర్లు కలవవు, ఊళ్ళు కలవవు, అయినా మొదటి రోజునుంచే ఒకరికొకరు "బావా". "మనంత కలిగినవాళ్ళు ఎవరున్నారు బావా, రోజూ కోట్లు కొడుతున్నాం!" అని కారు మీద కోటు మీద కోటు స్ప్రే చేస్తూ అరిచేవాడు ఆ బావ.

ఆయన పోయి ఏడాది. ఊపిరితిత్తులు. డాక్టరు సిగరెట్లు తాగుతాడా అని అడిగాడు గానీ, ఏం పని చేస్తాడని అడగలేదు. మాస్కులు ఇప్పించమని ఇద్దరూ అడిగి అడిగి నోళ్ళు నొప్పెట్టాయి. యజమాని ఏడాదికోసారి చెరో చేతిరుమాలు ఇచ్చాడు. తడి రంగు మీద దుమ్ము వాలకుండా గదికి మాత్రం ఫిల్టర్లు పెట్టించాడు. కారుకు తగిలే గాలి శుభ్రంగా ఉండాలి, మనిషి పీల్చే గాలి మనిషి ఖర్మ! రంగయ్యకూ ఆయాసం మొదలయ్యేసరికి ఇక రావొద్దన్నారు.

మిగిలింది కారు. గుద్దుకుని నుజ్జయి తుక్కుకు పోతున్నదాన్ని ఇద్దరూ తెచ్చుకుని ఆదివారాల్లో బాగుచేసుకున్నారు. బయట రంగు రంగయ్యది, డిక్కీ లోపల బావది.

"డిక్కీలో చాప కింద ఎవడు చూస్తాడు బావా? ఒక్క కోటు చాల్లే!" అని కంప్రెసర్ మోతలో అరిచాడు రంగయ్య.

"ఎవడూ చూడట్లేదని నువ్వు మొహం కడుక్కోవడం మానేశావుగా, నీ బుద్ధులు కారుకి నేర్పకు!" అని దగ్గుతూనే మూడో కోటు కొట్టాడు బావ. ఆయన చేత్తో కొట్టిన ఆఖరి కోటు అదే.

కారులో రేడియో ఉంది, గొంతు లేదు. షెడ్డులో విన్నట్టు రొమ్ముకు తగిలేలా వినాలి. ఆ హోరులో కళ్ళు మూసుకుంటే పక్కన మనిషి ఉన్నట్టే ఉంటుందని రంగయ్య ఆశ. అందుకే పాత సామాన్ల కొట్లో పాట గొంతు పెంచే యాంప్లిఫయర్ కొన్నాడు. ఆ కొట్టు నడిపే ఆవిడ అందరికీ వైర్లక్క.

"ఇదివరకెప్పుడైనా బిగించావా పెద్దాయనా?"

"రంగు తప్ప ఇంకోటి ముట్టుకోలేదమ్మా."

"అయితే ముందు బ్యాటరీ మైనస్ ఊడదీయి. ఎర్ర వైరుకి బ్యాటరీ పక్కనే ఫ్యూజు పెట్టు. మర్చిపోయావో, పాట రాదు, పొగొస్తుంది. ఎర్తు వైరు డిక్కీలో ఇనుముకి బిగించు."

రెండు రోజులు పట్టింది. ఎర్ర వైరు ఒక పక్కనుంచి, పాట వచ్చే వైర్లు ఇంకో పక్కనుంచి లాగి, మధ్య మధ్య ఊపిరి అందక సీటు మీద ఒరిగి, ఎలాగో బిగించాడు. తాళం తిప్పాడు. పాట వచ్చింది. దానితో పాటు కుయ్యిమని ఒక కూత. యాక్సిలరేటర్ తొక్కితే అదీ పైకి లేచింది, అచ్చం కంప్రెసర్ ఊపందుకున్నట్టు.

"ఆపు బావా, చెవులు చిల్లులు పడుతున్నాయి!" అని అరిచాడు. అరిచాక పక్క సీటు చూశాడు.

మర్నాడు కారు కొట్టు దగ్గరికి తీసుకెళ్తే, వైర్లక్క డిక్కీలో చాప ఎత్తి చూసి నవ్వింది. "ఇనుముకి బిగించమంటే పెయింటుకి బిగించావేంటి? గీకలేదా?"

"గీకడమా!" ఆయన చేతులు వెనక్కి పోయాయి. "గీతలు పూడ్చే చెయ్యమ్మా ఇది."

"పెయింటు కరెంటుకి అడ్డుగోడ. స్క్రూ మర ఎక్కడో కాస్త ఇనుముని తాకి ఈడ్చుకొస్తోంది. ఆ ఏడుపంతా అందుకే. ఉండు, నేను గీకేస్తా."

"వద్దు!" అన్నాడు. వైర్లక్క చెయ్యి ఆగిపోయింది. "అది మా బావ కొట్టిన రంగు."

ఆవిడ ఇక నవ్వలేదు. "రూపాయి బిళ్ళంత చోటు చాలు పెద్దాయనా. పాటా పెయింటా, నువ్వే తేల్చుకో."

ఇంటి ముందు కారు ఆపాడు. తరవాత, షెడ్డు ఏనాడూ ఇవ్వని మాస్కు తనే కొనుక్కొచ్చి కట్టుకున్నాడు. ఉప్పుకాగితం వేలికి చుట్టి గుండ్రంగా రుద్దాడు. పొడి లేచింది. బావను మింగింది ఈ పొడే. దాన్ని తడిగుడ్డతో ఒత్తి తీశాడు. ఇనుము తెల్లగా బయటపడింది. దాని చుట్టూ ఒకదాని వెనక ఒకటి మూడు సన్నటి వలయాలు. మూడు కోట్లు. ఎక్కడా పలచన లేదు.

వైరు బిగించి తాళం తిప్పాడు. కూత లేదు. పాట నిండుగా, రొమ్ముకు తగిలేలా వచ్చింది. కళ్ళు మూసుకున్నాడు. పాట అయింది. తరవాతి పాటకు ముందు కాస్త ఖాళీ. ఆ ఖాళీలో కంప్రెసర్ లేదు, కూత లేదు, ఏమీ లేదు. బావ ఎప్పుడూ అరిచేది అక్కడే.

వాల్యూమ్ తగ్గించి, "మూడు కోట్లూ కొట్టావు బావా," అన్నాడు మామూలు గొంతుతో.

ముప్పయ్యేళ్ళూ వాళ్ళు అరుచుకునే మాట్లాడుకున్నారు. ఆస్పత్రిలో బావకు గొంతే లేదు. మామూలు గొంతుతో ఆయన మాట ఎలా ఉండేదో రంగయ్యకు ఎంత తలుచుకున్నా గుర్తు రాలేదు.