పూజలో ఇరుక్కున్న షాఫ్టు

ఆ రోజుల్లో ఇంజనీరింగ్ కాలేజీలో డిపార్ట్‌మెంట్ల మధ్య ఉన్నవి సిమెంటు గోడలు కావు, అంతకంటే గట్టివి. ఎలక్ట్రానిక్స్ వాళ్లం మేం మెకానికల్ వర్క్‌షాపు గుమ్మం దాటితే, పక్కింటివాళ్ల వంటింట్లోకి చెప్పులతో దూరినట్టు చూసేవారు. ఇప్పుడు కాలేజీల్లో అద్దాల గది ఒకటి కట్టి, అన్ని మెషిన్లూ అందులో పెట్టి, ఏ బ్రాంచి పిల్లలైనా వచ్చి ఏదైనా చేసుకోండర్రా అంటున్నారు. మంచిదే. కానీ ఒక మెషిన్ కోసం దెబ్బలాడితే తప్ప అది ఎందుకు కావాలో మనిషికి సరిగ్గా తెలియదని నా అభిప్రాయం. (నా అభిప్రాయాలు ఎవరూ అడగరు. నేనే చెబుతుంటాను.)

తొంభైల చివర, విజయవాడ దగ్గర కాలేజీలో మాది ఫైనలియర్. క్లాసులో చాలామంది గవర్నర్‌పేట వెళ్లి రెడీమేడ్ సర్క్యూట్ కొనుక్కొచ్చి, దానికి అట్టపెట్టె తొడిగి ప్రాజెక్టు అనేవారు. నాకది నచ్చలేదు. అప్పట్లోనూ నాకు నచ్చనివి చాలానే ఉండేవి. ఆటోనగర్ నుంచి వచ్చే నా స్నేహితురాలు (ఈడు మా అందరిదే అయినా నెమ్మదితనం చూసి క్లాసంతా ఉర్దూలో అక్కా అన్నట్టు ఆపా అనేది), మెకానికల్‌లో చేపలబాబని పేరుపడ్డ కుర్రాడు, నేను జట్టు కట్టాం. అతని ఇంటివాళ్లకి కైకలూరు వైపు చేపల చెరువులున్నాయి. తెల్లారగట్ల నీళ్లలో గాలి చాలక చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తాయని, ఒక ఏడు చెరువు చెరువంతా అలాగే పోయిందని చెప్పాడు. ఆ వేళకి దానంతటదే తిరిగి నీళ్లు చిలికే చక్రం చేద్దామనుకున్నాం. టైమరు మాది, చక్రం అతనిది. రెండు బ్రాంచీలు కలిసి ప్రాజెక్టు చేయడమనేది అప్పటికి మా కాలేజీలో లేదు. ప్రిన్సిపాల్ గారి గదిలో నేను చేసిన వాదనకి ఆయన విసిగిపోయి సరేనన్నారు, ఒక షరతు మీద. "దసరా సెలవులయ్యాక మొదటి రోజు ఆ చక్రం నా కళ్లముందు తిరగాలమ్మా. తిరక్కపోతే ముగ్గుర్నీ విడదీసి ఎవరి డిపార్ట్‌మెంట్‌కి వాళ్లని పంపించేస్తా. ఇంకెవరూ కలిసి చేస్తామంటూ నా గదికి రావడానికి వీల్లేదు."

చక్రానికి ఇరుసుగా షాఫ్టు కావాలి, షాఫ్టు నున్నగా రావాలంటే ఇనుముని తిప్పుతూ చెక్కే లేతు మెషిన్ కావాలి. వర్క్‌షాపులో మంచి లేతు ఒక్కటే. మేం ఎప్పుడు వెళ్లినా దాని మీద ఇంకెవరో ఉండేవారు. ఎప్పుడో దొరికిన అరగంటలో షాఫ్టు సగమే అయింది. చేపలబాబు వరసలో నిలబడి అందరికీ దారిచ్చే రకం. "పోన్లెండి, వాళ్లది అర్జెంటంట" అనేవాడు. నాకు ఒళ్లు మండిపోయేది. బస్సు కిటికీలోంచి కర్చీఫ్ వేసి సీటు ఆపుకునే జనం మనం, మెషిన్‌ని ఆపుకోలేమా?

"సగం చేసిన షాఫ్టుని దాని దవడల్లో బిగించి వదిలేయండి. బిగించి ఉన్న పనిని ఎవరూ పీకరు" అన్నాను.

"అట్టా చేయచ్చంటారా?"

"చేయకూడదని రూలెక్కడుంది?"

బిగించి, పటమటలో మా ఇంటికి వెళ్లే దారంతా నా తెలివికి నేనే మురిసిపోయాను. సెలవులకి ముందు రోజు కదా, ఎవరూ ఉండరని మర్నాడు ముగ్గురం తీరిగ్గా వెళితే, గుమ్మం దగ్గరే సాంబ్రాణి పొగ ఎదురొచ్చింది. ఆయుధపూజ అయిపోయింది. లేతుకి బంతిపూల దండ, పసుపు, కుంకుమ. దాని దవడల మధ్య మా షాఫ్టుకీ బొట్లు, కొసన నిమ్మకాయ. వర్క్‌షాపు మాస్టారు (మెషిన్లని కన్నబిడ్డల్లా చూసుకునే పెద్దాయన, అక్కడ ఆయన మాటే మాట) మా చేతుల్లో ప్రసాదం పెట్టి, దశమి వెళ్లేదాకా ఎవరూ ముట్టుకోవద్దన్నారు. దశమి మర్నాడే కాలేజీ తెరుస్తారు. ఆ రోజే మా చక్రం తిరగాలి.

"మాస్టారూ, పూజ మెషిన్‌కి కదండీ, షాఫ్టుకి కాదు కదా" అన్నాను.

"పీటల మీద కూర్చుని బొట్టు పెట్టించుకున్నాక, నేను పెళ్లి చూడ్డానికొచ్చానండీ అంటే కుదురుద్దా అమ్మా?"

"దాన్నెవరూ కూర్చోబెట్టలేదండీ."

"మరి బిగించిందెవరు?"

చేపలబాబు నా వైపు చూశాడు. నేను నిమ్మకాయ వైపు చూశాను. ఆ తర్వాత ఇనుము గురించి, విద్యార్థుల హక్కుల గురించి, ప్రిన్సిపాల్ గారి అనుమతి గురించి నేను మాట్లాడని ముక్క లేదు. ఆయన ప్రతిదానికీ "నిజమేనమ్మా" అన్నారు. కదల్లేదు. అలాంటి వాళ్లతో వాదించడమంత నరకం ఇంకోటి లేదు.

అప్పుడు ఆపా నోరు విప్పింది. "మా నాన్న లారీ షెడ్డులోనూ పూజ చేస్తారండీ. పనివాళ్ల కోసం కొబ్బరికాయలు నాన్నే తెస్తారు. దశమి పొద్దున మాత్రం ప్రతి మెషిన్‌నీ ఒకసారి తిప్పి, చిన్నదో పెద్దదో ఒక పని మొదలుపెడతారు, ఏడాదంతా పని దొరకాలని. ఇక్కడ ఆ మొదటి పని ఎవరిదండీ?"

మాస్టారు ప్రసాదం పళ్లెం పక్కన పెట్టారు. "దశమినాడు ఇక్కడికెవరొస్తారమ్మా, తాళమేగా" అన్నారు. మా షాఫ్టు వైపు చూసి, "మీరొస్తారా?" అన్నారు.

వెళ్లాం. ఆయన ఉతికిన పంచెతో వచ్చి, నిమ్మకాయ తీసి పక్కన పెట్టి, మెషిన్ తిప్పారు. ఉంగరాలు తిరుగుతూ లేచిన మొదటి ఇనుప రజను తీసి కళ్లకద్దుకున్నారు. మిగతా పని చేపలబాబు చేత చేయించారు. పనయ్యేదాకా నేను ఒక్క మాట కూడా అనలేదు. (సాక్షులున్నారు.)

మర్నాడు సిమెంటు తొట్టిలో చక్రం తిరిగి, ప్రిన్సిపాల్ గారి తెల్లచొక్కా తడిపేసింది. మా డిపార్ట్‌మెంట్ హెడ్డు గారు నన్ను పట్టుకున్నారు. "షాఫ్టు తిరగడంలో నీ పనేంటమ్మా?" నేను షాఫ్టు గురించే చెప్పడం మొదలుపెట్టాను. పక్కన మెకానికల్ హెడ్డు గారికి చేపలబాబు టైమరు వివరిస్తున్నాడు. ఆపా ఇంకెవరికో చేపలు ఎందుకు నోళ్లు తెరుస్తాయో చెబుతోంది. ప్రిన్సిపాల్ గారు చొక్కా దులుపుకుంటూ, "ఇప్పుడు వీళ్లని విడదీసినా ఎవర్ని ఎవరికివ్వాలో తెలియట్లేదయ్యా" అన్నారు. మరుసటి ఏడు నుంచి వారంలో ఒక మధ్యాహ్నం వర్క్‌షాపు అన్ని బ్రాంచీలకీ తెరిచారు.

ఇన్నేళ్లలో నా వాదనకి పదును పెరిగిందే గానీ తగ్గలేదు. బ్యాంకులో, అపార్ట్‌మెంట్ మీటింగులో, పిల్లల స్కూల్లో గెలిచి ఇంటికొస్తాను. పని మాత్రం జరగదు. అప్పుడు ఆపాకి ఫోన్ చేస్తాను. మొత్తం ఓపిగ్గా విని, "అంతా బానే ఉంది గానీ, ఇంతకీ నీకేం కావాలే?" అంటుంది.

ఈ వయసులో కూడా దానికి జవాబు చెప్పడానికి నాకు కాస్త టైము పడుతోంది.