వీపంతా మన్ను అంటాలి

అభిలాష్ పొద్దున కళ్ళు తెరవకముందే కుడిచేతి వేళ్ళు కదిపి చూసుకుంటాడు. అన్నీ కదిలాకే కళ్ళు తెరుస్తాడు. తాడిపత్రిలో కుస్తీ ఆట జరిగిన మర్నాటి నుంచీ ఇదే అలవాటు.

వాళ్ళది గుమ్మఘట్ట దగ్గర పల్లె. నాయన బయ్యన్న వేరుశనగ రైతు. వయసులో ఉండగా రాష్ట్ర సరిహద్దుకు అటూ ఇటూ జాతరల్లో కుస్తీ పట్టినవాడు. ఇంటి వెనక ఎర్రమన్ను జల్లించి, మజ్జిగా నూనే కలిపి ఆయన చేసిన గోదాలోనే కొడుకు పెరిగాడు. మట్టి కుస్తీలో వీపు నేలకు ఆనితే ఓటమి. అందుకని సంగటి ముందు కూర్చునే వేళకు బయ్యన్న కొడుకును వెనక్కి తిప్పి చూసేవాడు. వీపుకు మన్ను కనబడితే ఆ పూట మాట్లాడేవాడు కాదు.

"దానికంటే కొట్టినా బాగుండు అనిపించేది" అని అభిలాష్ ఇప్పటికీ అంటాడు.

తర్వాత బెంగళూరు కంపెనీ ఒకటి అతన్ని తీసుకుంది. తాళ్ళ రింగు, రంగు లైట్లు, ఎవరు గెలవాలో ముందే అనుకుని ఆడే కుస్తీ. 'రాయదుర్గం ఎద్దు' అని పేరు పెట్టారు. అమ్మ సుబ్బరత్నమ్మ, "ఎద్దు అని పేరైతే పెట్టినారు, మేత ఎవురు పెడతారప్పా" అని నవ్వింది. ఏడాది తిరక్కుండా అనంతపురం ఆటోల వెనక అతని బొమ్మ కనబడింది.

ఆ కుస్తీలో ఎత్తేస్తే వీపంతా పరిచి పడాలి. అప్పుడే దెబ్బ ఒకచోటే తగలకుండా ఒళ్ళంతా పరుచుకుంటుంది. అభిలాష్ ఒంటికి అది రాదు. తాడిపత్రిలో గాల్లో ఉండగానే ఒళ్ళు దానంతటదే తిరిగింది. మెడ పక్కన, భుజం మీద పడ్డాడు. జనం ఈలలు వేస్తున్నారు. అతనికి మాత్రం తన చెయ్యి ఎక్కడుందో తెలియలేదు. బస్సెక్కే ముందు చొక్కా గుండీలు పెట్టుకోలేకపోయాడు. నరం నలిగిందనీ, ఇంకోసారి అలా పడితే చెయ్యి పనిచేస్తుందని చెప్పలేననీ డాక్టరు అన్నాడు. అభిలాష్ ఇంట్లో చెప్పలేదు, కంపెనీకీ చెప్పలేదు.

ఇంతలో అనంతపురంలో పెద్ద ఆట ఖాయమైంది. సొంత జిల్లా కదా, ఆ రాత్రికి అన్నిటికన్నా పెద్దదైన చివరి ఆట అతనిదే. ఎదుట కేశవ, మనిషిని తలపైకెత్తి విసరడంలో పేరున్నవాడు. బాగా పండితే ఇక ప్రతి ఊళ్ళోనూ చివరి ఆట అతనికే. కేశవ ఒక్కడికే అభిలాష్ తన చేతి సంగతి చెప్పాడు.

"ఎత్తేవరకే నువ్వు నా చేతిలో ఉంటావు తమ్ముడూ. ఇడిచినంక నువ్వు తిరిగితే నేనేం జేసేది? మానుకుంటావా, చెప్పు" అన్నాడు కేశవ.

మానుకోలేదు. ఊరికొచ్చి గోదాలో ఒక్కడే వీపు మీద పడటం నేర్చుకోసాగాడు. ప్రతిసారీ భుజమే ముందు తగిలేది. ఆట రేపనగా బయ్యన్న గట్టు మీద నుంచి చూసి దిగి వచ్చాడు.

"ఏమప్పా, కాలిరిగిన మేక పడినట్ల పడతాండావు."

"ఈ ఆటలో వీపు మీదనే పడల్ల నాయనా. పడలేకపోతాండా. మెడ పోతాదేమో అని బయమైతాండాది."

వేళ్ళ సంగతి అప్పుడు బయటపడింది. ఇక ఈ పని ఇడిచిపెట్టమంటాడని అభిలాష్ అనుకున్నాడు. బయ్యన్న చొక్కా విప్పి గట్టు మీద పెట్టాడు. గోదా మధ్యకు నడిచి వెల్లకిలా పడుకున్నాడు. ఆ మన్నుకు తన వీపు ఎన్నడూ ఆననివ్వని మనిషి.

"రా, పక్కన పండుకో. మన్నుకు బయపడొద్దని ముందు నీ వీపుకు తెలియల్ల."

తర్వాత లేచి కొడుకును తోయడం మొదలుపెట్టాడు. పడిన ప్రతిసారీ పాతరోజుల్లో లాగే వెనక్కి తిప్పి చూశాడు.

"ఎడమపక్క మన్ను అంటలేదు. మళ్ళా పడు."

మర్నాడు కేశవ ఎత్తినప్పుడు అభిలాష్‌కు పైకప్పు రేకులు దగ్గరగా కనిపించాయి. ఒళ్ళు తిరగబోయింది. ఎడమపక్క, ఎడమపక్క అనుకుంటూ వీపు వదిలేశాడు. రింగు చెక్కలు ఉరిమాయి. కేశవ అతని మీద పడి, చెవి దగ్గర "వేళ్ళు?" అన్నాడు. అభిలాష్ ఒక్కొక్కటే కదిపాడు. చిటికెనవేలు ఆలస్యంగా కదిలింది.

ముందే అనుకున్నట్టు ఓడిపోయాడు. జనం మాత్రం అతని పేరే అరిచారు. వచ్చే నెల బళ్ళారిలో చివరి ఆట నీదేనని కంపెనీవాళ్ళు అక్కడికక్కడే చెప్పారు.

రింగు పక్కనే కూర్చుని ఆటంతా చూసిన బయ్యన్న, బట్టలు మార్చుకునే గదిలో కొడుకును వెనక్కి తిప్పాడు.

"అంతా ఒకే తీరు ఎర్రగుండాది" అన్నాడు. తర్వాత అతని కుడిచెయ్యి తన రెండు చేతుల్లోకి తీసుకున్నాడు.

"ఆ చిన్నవేలు ఇంగోసారి కదుపు."